పసుపు వైరు

ప్రభాకరరావుకు ఒక వస్తువు మంచిదో చెడ్డదో తేల్చుకోవడానికి దాని రంగు చూస్తే చాలు. మాగాణి ఉంది, మిరపతోట ఉంది, ట్రాక్టరు ఉంది, రెంటచింతల సెంటర్లో ఆయన చెయ్యి ఊపితే తిరిగి చెయ్యి ఊపే మనుషులు నలుగురు ఉన్నారు. బుర్ర మాత్రం లేదు. ఈ సంగతి ఆయన భార్య వీరరాఘవమ్మ కాపురానికి వచ్చిన కొత్తల్లోనే కనిపెట్టింది. మొగుణ్ణి నలుగురిలో అనడం బాగుండదని నోరు మూసుకుంది. ఆ మూసుకున్న నోటితోనే పిల్లల్ని పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది, ఇప్పుడు మనవరాలికి జడలు కూడా వేస్తోంది.

ఆయన పార్టీ రంగు పసుపు. అందుకని ఇంటికి పసుపు, గేటుకు పసుపు, ట్రాక్టరు సీటుకు పసుపు తొడుగు. అవతలి పార్టీ వాళ్ళది నీలం, ఆకుపచ్చ. ఆ రంగులు ఇంటి చుట్టుపక్కల కనపడితే ఆయనకు ఒళ్ళు మండుతుంది. వీరరాఘవమ్మకు పుట్టింటివాళ్ళు పెట్టిన నెమలికంఠం రంగు చీర ఒకటి ఉంది. అది ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండలతో కాపురం చేస్తోంది. కట్టుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారని ఆయన బెంగ. చీరను చూసి ఓటు మార్చుకునేంత తెలివితక్కువవాడు ఊళ్ళో తన మొగుడొక్కడేనని ఆవిడకు తెలుసు, అయినా ఎందుకొచ్చిన గొడవని పెట్టె మూత తియ్యలేదు.

అన్నిటికన్నా ఘనకార్యం మోటారు దగ్గర చేశాడు. పొలంలో స్టార్టరుకు వచ్చే మూడు ఫేజుల వైర్లు ఎరుపు, పసుపు, నీలం ఉంటాయి. కరెంటు మనిషిని ఎండలో నిలబెట్టి, నీలం వైరు పొడుగునా పసుపు టేపు చుట్టించాడు. తర్వాత ఎప్పుడో మోటారు చెడిపోయి ఇంకెవరో విప్పితే, రెండు పసుపు వైర్లలో ఏది ఏదో తెలియక తారుమారుగా కలిపారు. మోటారు వెనక్కి తిరిగింది. చుక్క నీరు పైకి రాలేదు, మిరప మొక్కలు వాడి ఎండిపోయాయి. ప్రభాకరరావు గట్టు మీద నిలబడి, “ఇదంతా అవతలోళ్ళ పని,” అన్నాడు. వీరరాఘవమ్మ అప్పుడు కూడా ఏమీ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని ఇంటికి వచ్చేసింది.

అవతలి పార్టీ వైపు వీరయ్య ఉన్నాడు. ఆవిడకు పినతండ్రి కొడుకు, అంటే తమ్ముడు. ప్రభాకరరావుకు బావమరిది. వీరయ్య కూడా ఇలాంటి సరుకే, రంగొకటే తేడా. కూతురి పెళ్ళికి పసుపు దంచేటప్పుడు కూడా మొహం అదోలా పెట్టుకుని పక్కకు తిరిగిన మనిషి. కాకపోతే వీడికి కాస్త జిత్తులు తెలుసు.

ఎన్నికల ఫలితాలు చూడటానికని ప్రభాకరరావు పెద్ద టీవీ ఒకటి కొన్నాడు. ఫుల్ హెచ్‌డీ అని ఊరంతా చెప్పాడు. హెచ్‌డీ అంటే ఏమిటో అడిగినవాడికి, “పెద్దది,” అని చెప్పాడు. కేబుల్ వాళ్ళు తమ పాత పెట్టెను ఒకే ఒక్క పసుపు పిన్నుతో దానికి తగిలించి పోయారు. బొమ్మ మసగ్గా వస్తుంటే అది దూరం నుంచి చూడాల్సిన టీవీ అని కుర్చీ వెనక్కి లాగాడు. ఆ టీవీలో అందరూ పెళ్ళి భోజనం చేసి వచ్చినట్టు అడ్డంగా ఉబ్బి కనపడేవాళ్ళు. వాళ్ళ నాయకుడు కూడా ఉబ్బాడు. దాన్ని మాత్రం ఆయన బలం కింద లెక్కేసుకున్నాడు.

ఇలాంటి మనిషి దగ్గర వీరరాఘవమ్మకు ప్రాణం నిలిపిందేమిటంటే, దొడ్లో కట్టేసిన ముత్యాలు. పందెపు ఎద్దు. జోడులో ఎడమవైపు కట్టే దాపటెద్దు. ఈనిన పూటే తల్లి చస్తే ఆవిడే చేత్తో పాలు పట్టి బతికించింది. ఉలవలు నానబెట్టడం, ఉడకబెట్టడం, పొద్దున్నే మెట్టలోకి నడిపించుకు రావడం అన్నీ ఆవిడే. ఆవిడ గొంతు వినపడితే చాలు, అది చెవులు ఇటు తిప్పేది. ఆ ఇంట్లో ఆవిడ మాట వినే ప్రాణి అదొక్కటే. పందేలప్పుడు మాత్రం ప్రభాకరరావు మెడలో పసుపు తువ్వాలు వేసుకుని దాని పక్కన ఫొటో దిగేవాడు.

ఆ ఏడు తిరనాళ్ళలో బండలాగుడు పందెం పెట్టారు. రాతిబండ పూర్తిగా సున్నపు గీత దాటితేనే ఆ చుట్టు లెక్కకు వస్తుంది. చివరికి ప్రభాకరరావు జోడు, వీరయ్య జోడు మిగిలాయి. వీరయ్య ఎడ్లు ముందే లాగేశాయి. ఇక ముత్యాలు జోడు ఆఖరి చుట్టు దాటితే గెలుపే. బండ గీత దాకా వచ్చింది. దుమ్ము లేచి గీత దగ్గరివాళ్ళ కళ్ళల్లో పడింది. జనం అరిచారు. గడువు అయిందని ఈల మోగింది. గీత దగ్గర కూర్చున్న కమిటీ పెద్ద ఇమాం సాహెబ్ దాటలేదన్నాడు. ప్రభాకరరావు దాటిందన్నాడు. వీరయ్య మీసం మీద చెయ్యేశాడు.

వీరరాఘవమ్మ ఆ రోజు బరి దగ్గరకు వెళ్ళలేదు. మనవరాలికి జ్వరం. సాయంత్రం ముత్యాలు ఇంటికి వచ్చాక దాని గిట్టలు కడుగుతుంటే, ప్రభాకరరావు వాకిట్లో నిలబడి నలుగురికీ చెబుతున్నాడు. “బండ దాటింది. దాటలేదంటారా, ఈ దాపట్ది మొరాయించింది. కమిటీ పందెం వీడియో తీయించింది గదా. మన టీవీలోనే ఏసి చూద్దాం. దాటితే సరి. దాటలేదని తేలితే దీన్ని ఆ రోజే మాచర్ల బేరగాడికి తోలేస్తా. మొరాయించే ఎద్దు నా దొడ్లో ఉండడానికి లేదు.”

ముత్యాలు మొరాయించడమా! వీరరాఘవమ్మ చెంబు కింద పెట్టి దాని కాళ్ళు తడిమి చూసింది. అది పాలు మరిచిన దగ్గర్నుంచి అడుగు వెనక్కి వెయ్యడం ఆవిడ ఎరగదు. ఏదో జరిగింది. ఏం జరిగిందో చూస్తే గాని తెలియదు. చూపించేది ఆ వీడియో ఒక్కటే.

వీడియో తీసిన అమ్మాయి స్వాతి. నరసరావుపేటలో స్టూడియో. అప్పటికింకా పెళ్ళిళ్ళకు టేపు కెమెరాలే వాడేవాళ్ళు. ఆమెది హెచ్‌డీ టేపు కెమెరా, కాస్త పాతది, టీవీలో చూడాలంటే వైర్లతో కలపాల్సిందే. చెప్పిన రోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. ఇమాం సాహెబ్ వచ్చాడు. వీరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మానికి కట్టిన పసుపు తోరణం తల మీద పడకుండా ఒంగి మరీ లోపలికి వచ్చాడు.

స్వాతి కెమెరాను టీపాయ్ మీద పెట్టి, సంచిలోంచి రెండు వైర్లు తీసింది. రాత్రి పెళ్ళి షూటింగు చేసి వచ్చిందేమో, ఆవలిస్తూ చెప్పింది.

“రెండుంటాయి సార్. ఇదేమో పసుపు, తెలుపు, ఎరుపు. బొమ్మంతా ఈ ఒక్క పసుపు పిన్నులోనే ఇరుక్కుని వస్తది, తక్కిన రెండూ సౌండుకి. మసగ్గా ఉంటది. ఈ రెండోది ఆకుపచ్చ, నీలం, ఎరుపు. మూడూ బొమ్మకే. సౌండు రాదు గాని, హెచ్‌డీ కావాలంటే ఇదే పెట్టాలి. గీత కనపడాలి గదా మనకి.”

ప్రభాకరరావు రెండో వైరు వైపు చూశాడు. పాము పిల్లను చూసినట్టు చూశాడు.

“ఆకుపచ్చ, నీలమా?”

“అవున్సార్.”

“నా టీవీకా?”

“టీవీకే సార్.”

“చూడమ్మాయ్. ఈ ఇంట్లో ఆ రంగు గుడ్డపేలిక గూడా లేదు. తీసుకుపోయి నా హెచ్‌డీ టీవీలో దూరుస్తానంటావేంది? పసుపుది పెట్టు.”

“ఇది పార్టీ కాదు సార్, వైరు,” అంది స్వాతి.

“వైరైతే మాత్రం? రంగులు ఊరికే ఏస్తారా? ఆ కంపెనీవోడు ఎవుడో, ఏందో!”

ఇమాం సాహెబ్ గడ్డం గోక్కున్నాడు. “నాకు వైర్లు తెలవవు రావూ. బొమ్మ కనపడితే చాలు.”

వీరరాఘవమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఇంట్లో ఎవరన్నా కాస్త తెలివిగల మాట అని ఈ గొడవ తేలుస్తారేమోనని వీరయ్య వైపు చూసింది. వీరయ్య కూడా వైర్ల వైపే చూస్తున్నాడు. కళ్ళు చిన్నవి చేసి, ఏదో లెక్క కడుతున్నాడు. బండ దాటిందో లేదో వాడికీ సరిగ్గా తెలియదని ఆవిడకు అప్పుడు అర్థమైంది. తెలియనివాడికి మసకే మంచిది.

“బావ చెప్పిందే రైటు,” అన్నాడు వీరయ్య ఎంతో పెద్దమనిషి తరహాగా. “మా రంగు వైరుతో చూస్తే, రేపు వైరు వల్ల గెలిచామంటారు. ఆ మాట మాకెందుకు? బావ ఇల్లు, బావ టీవీ, బావ రంగు. పసుపుదే పెట్టమ్మాయ్.”

ప్రభాకరరావు ఛాతీ ఇంత పొంగింది. జీవితంలో మొదటిసారి వీరయ్య తన మాటకు తలొగ్గాడు. ఎందుకు ఒగ్గాడని ఒక్క క్షణం ఆలోచించే అలవాటు ఆయనకు ఎప్పుడు ఉంది గనుక!

“మరి ఎరుపు రెండిట్లోనూ ఉందేంది?” అన్నాడు ఉన్నట్టుండి అనుమానంగా.

“ఎర్రోళ్ళకి ఎప్పుడూ రెండుపక్కలా పొత్తేలే బావా,” అన్నాడు వీరయ్య. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ఒక్క నవ్వుకీ ఇద్దరికీ పార్టీ అడ్డం రాలేదు.

వీరరాఘవమ్మ ఇక ఉండబట్టలేక అంది. “ఆ పిల్ల ఇది పెడితే బాగా కనపడతదని చెబుతుంటే, కనపడనిది పెట్టమంటావేందయ్యా?”

“ఏమే, నీకేం తెలుసే వైర్ల సంగతి? పోయి మజ్జిగ చూడు.”

ఆవిడ వెళ్ళలేదు, గుమ్మంలోనే నిలబడింది.

స్వాతి టీవీ వెనక్కి వెళ్ళి పసుపు వైరు పెట్టింది. బొమ్మ వచ్చింది. బొమ్మ అంటే, తెల్లటి దుమ్ము. ఎడ్లు తెలుపు, సున్నం తెలుపు, దుమ్ము తెలుపు, అంతా కలిసి కలిపిన పిండిలా ఉంది. బండ ఎక్కడుందో గీత ఎక్కడుందో పైవాడికి ఎరుక. ఎడమపక్క ఒక పసుపు మరక ఊగి మాయమైంది. సౌండుకు మాత్రం లోటు లేదు. డప్పులు, ఈలలు, వాటన్నిటి మీద ప్రభాకరరావు గొంతు, “లాగరా ముత్యాలూ, లాగూ!” అని. ఆయన తన గొంతు తను విని మురిసిపోయాడు.

మూడు నాలుగుసార్లు వెనక్కి తిప్పించారు. ఎన్నిసార్లు తిప్పినా దుమ్ము దుమ్ముగానే ఉంది.

“దాటిందని చూపించాల్సింది నువ్వు గదా బావా,” అన్నాడు వీరయ్య మెత్తగా. “ఏదీ మరి?”

ఇమాం సాహెబ్ లేచాడు. “ఏమీ తెలవడం లేదు రావూ. నేను ఆ రోజు చెప్పిందే ఖాయం. పందెం వీరయ్యది.”

ప్రభాకరరావు మొహం వేలాడేశాడు. తనను ఎవరో మోసం చేశారన్నంత వరకు ఆయనకు అర్థమైంది. ఎవరో అర్థం కాలేదు. దొరికినవాళ్ళలో నోరు లేనిదాన్ని పట్టుకున్నాడు. “చెప్పాగా. ఆ దాపట్ది మొరాయించింది. లేకపోతే ఇంకా అవతలికి పోయేది. బేరగాడికి ఇందాకే ఫోన్ కొట్టా. బయల్దేరాడంట.”

ముగ్గురూ వరండాలోకి నడిచారు. వీరరాఘవమ్మ వాళ్ళ చేతుల్లో మజ్జిగ గ్లాసులు పెట్టి గబగబా లోపలికి వచ్చింది. స్వాతి వైర్లు చుట్టి సంచిలో పెడుతోంది.

“అమ్మాయ్, ఆ రెండో వైరు పెట్టు.”

“పేట బస్సు టైమయింది పెద్దమ్మా.”

“బస్సు మళ్ళీ వస్తది. నా ఎద్దు పోతే రాదు.”

స్వాతి ఆవిడ మొహం చూసింది, సంచి దించింది. టీవీ వెనక చెయ్యి పెట్టి మూడు పిన్నులూ నొక్కి, రిమోటుతో ఏదో మార్చింది.

బొమ్మ వచ్చింది. చప్పుడు లేదు. ఇంతకాలం ఆ గోడకు ఏం తగిలించుకుని బతికారో వీరరాఘవమ్మకు అప్పుడే తెలిసింది. దుమ్ము దుమ్ములా ఉంది, సున్నం సున్నంలా ఉంది. ముత్యాలు మెడలో తను గుచ్చిన పూసలు పూసలుగా ఉన్నాయి. తల వంచుకుని లాగుతోంది. దాని మెడ మీద నరం పొంగింది. మొరాయించడమెక్కడ, మోకాళ్ళు నేలకు ఆనేంతగా లాగుతోంది! ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బండకీ గీతకీ మధ్య ఇంక జానెడు.

అప్పుడు ఎడమపక్క తాడు దూకి ఒక మనిషి బరిలోకి వచ్చాడు. తెల్లచొక్కా, తెరిచిన నోరు. మెడలోని పసుపు తువ్వాలు తీసి, ముత్యాలు కళ్ళ ముందు టపటపా విదిలించాడు. అది బెదిరి తల ఎత్తింది. ముందుకాలు గాలిలో ఆగింది. గొలుసు వదులయ్యింది. బండ ఆగిపోయింది.

ఆ మొహం వీరరాఘవమ్మకు బాగా తెలిసిన మొహం. దానికి పూటపూటా అన్నం పెట్టింది ఆవిడే.

“ఇంకోసారి వెయ్యి,” అంది. చూసింది. “ఇంకోసారి.” మళ్ళీ చూసింది. కోపం అరికాళ్ళ నుంచి నెత్తికెక్కింది. ఎండిన మిరపతోట, ట్రంకుపెట్టెలో చీర, మూసుకున్న నోరు, అన్నీ కలిసి ఎక్కాయి.

“సాయిబు గారూ! లోపలికి రండి. వీరయ్యా, నువ్వూ రా. ఆయన్ని గూడా రమ్మను.”

వచ్చారు. స్వాతి మళ్ళీ వేసింది. చప్పుడు లేని బొమ్మ ముందుకు నలుగురూ మెడలు చాచారు. ప్రభాకరరావు గొంతు ఈసారి ఆయన్ని కాపాడటానికి అందులో లేదు, నోరు తెరుచుకోవడం మాత్రమే ఉంది.

“గీత దాటలా,” అన్నాడు ఇమాం సాహెబ్. తెర దగ్గరికి ఒంగి, “ఎద్దు తప్పు గూడా లేదు,” అన్నాడు.

వీరయ్య తొడ మీద కొట్టుకుని నవ్వాడు. “మా జోడు గెలిచింది నీ తువ్వాలు వల్లా బావా! చెబితే మా పార్టీలోకి తీసుకునేవాళ్ళం గదయ్యా!”

“నువ్వు నవ్వబాకురా,” అంది వీరరాఘవమ్మ. “గెలిచానని నీకే నమ్మకం లేక మసక వైరు పెట్టించావు. నీ రంగు చూస్తే నీకే భయం.” వీరయ్య నవ్వు ఆపాడు. గ్లాసులో మిగిలిన మజ్జిగ వైపు చూడసాగాడు.

ప్రభాకరరావుకు మాట దొరికింది. “నేను దాన్ని హుషారు చేశా! హుషారు చెయ్యడం గూడా తప్పేనా? ఇదంతా ఆ వైరు పని. వాళ్ళ రంగు వైరు వాళ్ళకి కావాల్సిందే చూపిస్తది. పసుపు దాంట్లో ఇట్టా వచ్చిందా? పీకెయ్యండి దాన్ని!”

ఎవరూ కదలలేదు. ఆయనే వెళ్ళి టీవీకీ గోడకీ మధ్య దూరాడు. పొట్ట పట్టలేదు. ఊపిరి బిగబట్టి దూరాడు. ఆకుపచ్చ పిన్ను ఊడింది, తెర నల్లబడింది. ఒక చేత్తో స్వాతి సంచిలోంచి లాక్కున్న పసుపు పిన్ను పట్టుకుని, రెండో చేత్తో టీవీ వెనక తడుముతున్నాడు.

“పసుపు బొక్క ఏదమ్మాయ్?”

“ఇప్పుడు పీకారే, అదే సార్. రెండిటికీ అదొక్కటే. దాని చుట్టూ చూడండి, సగం ఆకుపచ్చ, సగం పసుపు ఉంటది.”

వెనకనుంచి గోరుతో ఆ రంగును గీకిన చప్పుడు వినపడింది.

“సగమేంది?” అన్నాడు ప్రభాకరరావు నీరసంగా. “నా టీవీయేనా ఇది?”

“నీ టీవీయే,” అంది వీరరాఘవమ్మ. “కొన్ననాటినుంచీ నీ ఇంట్లో, నీ గోడకే, సగం వాళ్ళ రంగుతో ఉంది. ఇన్నాళ్ళూ దాని ముందు కూర్చుని మీసం దువ్వావు. దుడ్డుకర్రకున్న తెలివన్నా నీకుంటే నా తోట ఎండేది కాదు, నా ఎద్దు ఆగేది కాదు. ఇంతకాలం నలుగురిలో అనలేదు. ఇయ్యాళ నలుగురున్నారు, ఇంటున్నారు.”

ఇమాం సాహెబ్ కిటికీలోంచి బయటికి చూశాడు. స్వాతి నవ్వు ఆపుకోవడానికి కెమెరా తుడవసాగింది. టీవీ వెనక మనిషి బయటికి రావడానికి అటు జరిగాడు, ఇటు జరిగాడు. పొట్ట అడ్డం పడింది.

గేటు చప్పుడైంది. మాచర్ల బేరగాడు ముల్లుకర్ర చంకలో పెట్టుకుని, కొత్త పలుపుతాడు భుజాన వేసుకుని వరండా ఎక్కాడు.

“అమ్మా, మొరాయించే ఎద్దు ఉందని ఫోన్ చేశారంట. ఏదమ్మా అది?”

వీరరాఘవమ్మ వేలు చూపించింది.

“అదుగో, టీవీ ఎనక ఇరుక్కుంది. తోలుకుపో.”